నొక్కితే నక్క

శకునాల మీద వాదించి వాదించి గొంతు పోయాక, మా హేతువాద బృందం కోసం ఒక వెబ్ పేజీ చేద్దామనుకున్నాను. మీట నొక్కితే ఏదో ఒక జంతువు బొమ్మ రావాలి. మళ్లీ నొక్కితే శకునం మారిపోవాలి. అడిగినప్పుడల్లా బొమ్మ పంపే ఉచిత ఏపీఐలు నెట్‌లో చాలానే ఉన్నాయి. రెడ్డిగూడెంలో మా అక్క వాళ్ల మామిడితోటకు నేను వెళ్లిన ఉదయం కూడా ఫోన్లో వాటినే పోల్చి చూస్తున్నాను. ఒకటి కుక్కలనే ఇస్తుంది, చకచకా. ఒకటి పిల్లులనే. ఇంకొకటి నక్కలనే. అన్ని జంతువులనూ ఇస్తానన్నది సగంసార్లు పలకనే పలకదు.

చిన్నరసాలు కోతకొచ్చాయి. పడమట మబ్బు కమ్ముతోంది. గాలి లేచిందంటే పంటంతా నేలపాలే. కూలీలు కాయలు కోసే చిక్కం కర్రలు పట్టుకుని నిలబడ్డారు. అక్క మాత్రం షెడ్డు ముందు కుర్చీలో కూలబడింది.

"పిల్లి ఎదురొచ్చిందిరా. కూర్చుని నీళ్లు తాగి మళ్లీ లేచాను. మళ్లీ అదే!"

"మన శకునం చూసి గాలి ఆగుద్దా అమ్మగారూ?" అంది ఒక కూలీ.

"ఇదిగో, ఇందులో చూడు శకునం," అని ఫోన్ అక్క ముందు పెట్టి నొక్కాను. అప్పటికి తెరిచి ఉన్నది నక్కల ఏపీఐ. నక్క వచ్చింది. మళ్లీ నొక్కమంది. నక్కే.

"నక్క తోక తొక్కొచ్చావురా తమ్ముడూ! పదండే, కోతకి పదండి!"

కర్రలు లేచాయి. నేను నోరు మూసుకుంటే ఈ పూట పంట దక్కేది. కానీ రేపు? అబద్ధంతో గెలిచిన వాదం నాకక్కర్లేదు.

"ఆగక్కా. దీంట్లో నక్కలు తప్ప ఇంకేం లేవు. వెయ్యిసార్లు నొక్కినా నక్కే."

కూలీలు నన్ను తినేసేలా చూశారు. అక్క ఫోన్ లాక్కుంది.

"పిల్లులది ఏది?"

తెరిచి ఇచ్చాను. నొక్కింది. పిల్లి. నొక్కింది. పిల్లి.

"పిల్లులున్నచోట అడిగితే పిల్లి కాక ఏమొస్తుంది!" అన్నాను.

అక్క షెడ్డు వైపు తిరిగింది. ట్రేల మధ్య గడ్డిలో, ఎలుకల కోసం ఆమె పాలు పోసి పెంచుతున్న పిల్లి ఒళ్లు నాక్కుంటోంది.

"దీన్ని ఇక్కడ పెట్టిందే నేను," అంది నెమ్మదిగా. "ఈ గుమ్మంలో పిల్లి కాక ఏనుగు ఎదురొస్తదా?"

కూలీలు గొల్లున నవ్వారు. అక్క లేచి తనే ఒక చిక్కం అందుకుంది. పిల్లి గడ్డిలోంచి లేచి, తీరిగ్గా అందరి ముందు నుంచి నడిచిపోయింది.

"అడ్డం లేవే!" అని దాన్ని కసిరి, అక్క మొదటి చెట్టు కిందకు నడిచింది.