అమ్మ ప్రార్థనలో సెంటీమీటర్లు

నేను నర్సీపట్నంలో జాకెట్లు కుట్టుకునే మనిషిని. మంచు కొండలతో నాకేం పని? అయినా మొన్నటి చలికాలం రోజూ పొద్దున్నే, మిషను మీద కప్పిన గుడ్డ తీయకముందే, హిమాచల్‌లో ఒక కొండ మీద ఎన్ని సెంటీమీటర్ల మంచు పడిందో ఫోనులో చూసుకునేదాన్ని.

అక్కడ మా చెల్లి నర్సు. కాళ్లకి పొడుగాటి బద్దలు బిగించుకుని మంచు వాలులో జారడానికి జనం వెళ్లే రిసార్టు అది. జారేవాళ్లు పడకుండా ఉండరు కదా, పడినవాళ్లకి కట్లు కట్టడం దాని పని. ప్రధానం అయ్యాక పెళ్లి తప్పిపోయింది దానికి. ఆనాటి నుంచి ఊళ్లో ఎదురైన ప్రతివాళ్లూ దాన్ని ఓదార్చడమే. బజారుకెళ్తే ఓదార్పు, చర్చికెళ్తే ఓదార్పు. అది తట్టుకోలేకే మన భాష వినపడనంత దూరంలో ఉద్యోగం వెతుక్కుందని నా అనుమానం. అమ్మ దగ్గర ఆ మాట ఎప్పుడూ అనలేదు.

అది వెళ్లిన కొత్తలో ఒకరోజు ఫోనులో ఆ కొండకి ఆరెంజ్ అలర్టు కనపడింది. శిఖరం మీద నలభై సెంటీమీటర్ల మంచు పడొచ్చని రాశారు. మాకు ఆరెంజ్ అలర్టు అంటే తెలిసింది ఒక్కటే, తుపాను. చెరుకు నేలకి ఒరిగిపోవడం, మూడు రోజులు కరెంటు లేకపోవడం, తాండవ రిజర్వాయరు గేట్లు ఎత్తారా అని నాతవరం వాళ్లకి ఫోన్లు చేయడం. పరుగున వెళ్లి అమ్మకి చెప్పాను. నలభై సెంటీమీటర్లంటే ఎంత అని అడిగింది. మెడలో టేపు ఉండనే ఉంది. అమ్మ మడమ దగ్గర పెట్టి పైకి లాగితే సరిగ్గా మోకాలి దాకా వచ్చింది. అమ్మ పీట మీద కూలబడింది.

మా ఇంట్లో గురువారం గురువారం స్త్రీల కూటం జరుగుతుంది. ఆ వారం అమ్మ ఇచ్చిన ప్రార్థన మనవి, తన బిడ్డ ఉన్న కొండ మీద మంచు పడకూడదని. పన్నెండు మంది మోకరించారు. మాకవరపాలెం నుంచి వచ్చే పెద్దావిడ మహా ప్రార్థనాపరురాలు. ఆవిడ కన్నీళ్లతో మొదలుపెట్టి, ఊపు వచ్చాక ఆ వారంతో సరిపెట్టకుండా చలికాలం మొత్తానికీ అడిగేసింది.

విచిత్రంగా మంచు పడలేదు. అలర్టు తీసేశారు. తరవాతి వారం ముప్పై అన్న అంకె రోజురోజుకీ తగ్గి మూడైంది. ఫోనులో ఎండ బొమ్మ కనపడ్డప్పుడల్లా నా ప్రాణం కుదుటపడేది. ప్రతి గురువారం అమ్మ లేచి, ప్రభువు మొర ఆలకించాడని సాక్ష్యం చెప్పేది, అందరూ స్తోత్రం అనేవారు. అలా నెలన్నర గడిచింది.

చెల్లి గొంతు మాత్రం రోజురోజుకీ నీరసపడిపోతోంది. ఒకరోజు గట్టిగా నిలదీశాను. అప్పుడు చెప్పింది, కొండంతా గడ్డీ రాళ్లూనని, జారేవాళ్లు లేరని, నెలాఖరులోపు మంచు పడకపోతే వాలు మూసేసి తనలాంటి వాళ్లని ఇంటికి పంపేస్తారని. మేము అలర్టు చూసి ఏం చేశామో నోరు జారి చెప్పేశాను. అది చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. కొండకి అడుగునొకటి, నడిమినొకటి, శిఖరానొకటి, మూడు అంకెలుంటాయట. పైన మంచు పడే వేళ కింద వట్టి వాన పడొచ్చట. అయిదు రోజులు దాటిన జోస్యాన్ని అది చెప్పేవాళ్లే నమ్మరట. మంచు పడే రోజు కన్నా, బాగా పడి, గాలి వీచి, ఆ మర్నాడు వెచ్చగా ఎండ కాస్తుందే, ఆ రోజే వాలు మీది మంచు విరిగి జారేదట. అలాంటప్పుడు కాపలావాళ్లు ముందు వెళ్లి చూసొస్తే గాని ఎవరినీ వదలరట. ఎండ బొమ్మ చూసి నిశ్చింతగా టీ తాగిన నా పొద్దులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఇక్కడ నన్నెవరూ పాపం అనరక్కా," అంది ఫోను పెట్టేసే ముందు.

మర్నాడు పొద్దున్న అమ్మ చేటలో బియ్యం ఏరుతోంటే పక్కన కూర్చుని సంగతంతా చెప్పాను. తెలియక చేసిన తప్పు, అమ్మ నొచ్చుకుంటుందని మాటలు ఏరుకుని మరీ చెప్పాను. అమ్మ తలెత్తలేదు.

"నాకు తెలుసు. నెల్లాళ్ల కితమే దాన్ని అడిగి తెలుసుకున్నాను. మంచు పడకపోతే ఇంటికి వచ్చేత్తాదని నాను ఊరుకున్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. నా కోపం సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. పన్నెండు మంది ఆడవాళ్ల మోకాళ్లు అరిగిపోయేలా చేసి, దేవుణ్ణి కూడా నీ జట్టులో కలుపుకున్నావా అని నోటికొచ్చినట్టు అనేశాను. వచ్చి ఏం చేస్తుంది, మళ్లీ ఆ ఓదార్పులు వినడానికా అన్నాను. చెల్లి చివరికి అన్న మాట కూడా చెప్పేశాను.

బియ్యంలో తిరుగుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. రోజూ సాయంత్రం ఫోను చేసి, "ఏటి సేత్తన్నావు నా పాపం తల్లీ" అని మొదలుపెట్టేది అమ్మే. ఆ సంగతి ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. అమ్మ అవతలికి తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. అన్న మాటలకి బాధపడ్డాను గాని వెనక్కి తీసుకోలేదు. ఆ సాయంత్రం అమ్మ ఫోనులో చెల్లిని భోజనం సంగతి అడిగి ఊరుకుంది.

గురువారం ఆడవాళ్లందరూ వచ్చి చాప మీద కూర్చున్నారు. అమ్మ నన్ను పిలిచి ఫోను చూడమంది. శిఖరాన పది, నడిమిన అయిదు, అడుగున వాన అని చదివాను. టేపు ఇమ్మంది. అందరూ చూస్తుండగానే మడమ దగ్గర పెట్టుకుని పిక్క దాకా లాగింది.

"ఇంత సాలేటి? మరీ ఎక్కువైతే ఎండకి జారిపోతాదన్నావు."

కాపలావాళ్లు చూసుకుంటారు, ఇంకొంచెం అన్నాను. అమ్మ టేపుని మోకాలి దాకా తెచ్చి, నలభై మీద బొటనవేలు నొక్కి పెట్టి, అలాగే మోకరించింది. మాకవరపాలెం పెద్దావిడ ఒక కన్ను తెరిచి నావైపు చూసింది.

"ప్రభువా, నలభై పడనియ్యి. అడుగున కూడా పడనియ్యి. నా పిల్లని అక్కడే ఉండనియ్యి."