మాసయ్య పులి

వనపర్తి పొలిమేర దాటగానే రెండు చెరువుల చుట్టూ పెద్ద అడవి ఉండేది. వెయ్యిన్ని తొమ్మిదివందల ముప్పై అయిదు ప్రాంతంలో దానికి మాసయ్య కావలిదారు. కట్టెల గుత్తేదార్లు చెట్లు నరకడానికి వచ్చినప్పుడల్లా, "లోపల పులి తిరుగుతుంది సామీ" అని భయపెట్టి పంపేవాడు. నిజానికి ఆ అడవిలో నక్కను మించిన జంతువు లేదు.

ఆ మాట పట్నందాకా పోయి, ఒక పెద్ద అధికారి తుపాకీతో వేటకు దిగాడు. 

"లేని పులిని యాడికెళ్లి తేవాలె?" అని మాసయ్య తన భార్య సవారమ్మ దగ్గర వాపోయాడు.

"నువ్వెందుకు పరేషాన్ అయితవు? అంత పెద్ద సారు ఉత్త చేతులతోని వాపసు పోతడా?" అందామె.

అధికారి చెరువుగట్టు మంచె మీద రెండు సాయంత్రాలు కూర్చున్నాడు. మూడోనాడు విసుగెత్తి ఒక పొదలోకి గుండు పేల్చాడు. "దెబ్బ తగిలి ఉరికింది. నువ్వు గూడ చూసినవు కదా?" అని గద్దించాడు.

"చూసిన సర్కార్. గింత పొడుగున్నది" అని మాసయ్య రెండు చేతులూ బార చాపాడు.

నెల తిరక్కుండా కచేరీ నుంచి హుకుం వచ్చింది. గాయపడిన పులి ప్రమాదం కాబట్టి, తుపాకీ లేనివాళ్లెవరూ అడవిలో అడుగుపెట్టరాదట. గుత్తేదార్లు ఆ దిక్కు చూడడమే మానేశారు. అయితే తుపాకీ మాసయ్యకూ లేదు. నౌకరీ పోతుందన్న భయంతో పదేళ్లపాటు అడవి బయటే కూర్చుని కాపలా కాశాడు.

సవారమ్మ మాత్రం రోజూ లోపలికి పోయి మోదుగాకులు తెంపుకొచ్చేది. "పెద్ద చెరువు నిండింది, నెమళ్లు దిగినయి" అని ఆమె చెబుతుంటే, మాసయ్య ఆశగా వినేవాడు.