పెరుగన్నం తిన్న ఎలుకలు

మా మనవరాలు సెలీనా గోపన్‌పల్లిలోని ఒక ల్యాబ్‌లో ఎలుకలకు వ్యాయామం చేయిస్తుందని మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు చెప్పాను. నమ్మాడు. అవి పొద్దున్నే బూట్లు వేసుకుని పరుగెడతాయని కూడా అన్నాను. అప్పుడు మాత్రం నా వైపు అదోలా చూశాడు.

నిజం కాస్త చప్పగా ఉంటుంది. ఎలుకకు మత్తిచ్చి వెనక కాలి కండకు గాయం చేస్తారు. తర్వాత సగం ఎలుకలకు పొట్టకు మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న మందు పోస్తారు, మిగతా సగానికి ఉత్త నీళ్లు. పొట్ట బాగుంటే కండ త్వరగా కోలుకుంటుందా? ఈ వేసవిలోగా అది తేల్చకపోతే సెలీనా పీహెచ్‌డీ గడువు దాటిపోతుంది. అందుకే ఆదివారాలు చర్చికి కూడా రావడం లేదు. పాస్టర్ గారు అడిగితే ఎలుకలకు సువార్త చెబుతోందన్నాను.

ఎలుక వెనక కాళ్లతో చిన్న జాలీ పట్టించి, మెల్లగా లాగి, పట్టు ఎంత గట్టిగా ఉందో యంత్రంతో కొలవాలి. మందు తాగినవి చక్కగా కోలుకున్నాయి. నీళ్లు తాగినవీ అంతే చక్కగా కోలుకున్నాయి! సెలీనా యంత్రం మార్చింది, మళ్లీ కొలిచింది. ఇంటికొచ్చి తలుపులన్నీ దబదబా వేసింది.

మొన్న భోజనాల వేళ సెలీనా ఎలుకల గదిలోకి వెళితే, ల్యాబ్‌లో కంప్యూటర్ లెక్కలు చూసే ఉదయ్ భాస్కర్ నీళ్ల ఎలుకల పంజరం ముందు తన టిఫిన్ డబ్బా తెరుచుకుని కనబడ్డాడట. కాకినాడ వాడు.

"ఏం పెడ్తున్నవ్?"

"పెరుగన్నమండీ. దెబ్బ తగిలినవాటికి ఉత్త నీళ్లేంటండీ? చూడలేకపోయాను."

"ఎప్పటి నుంచి?"

"మొదట్నుంచీనండీ. మందు తాగేవాటికి మాత్రం పెట్టలేదు. మీ ప్రయోగం పాడవుతుందని."

"పెరుగుల ఉండేది గా బ్యాక్టీరియానే కద!"

"అది మందు కాదు కదండీ, అన్నం."

సెలీనా తన గైడ్ జయంతి మేడమ్ దగ్గరికి పరుగెత్తింది. నీళ్ల ఎలుకల సంగతి వదిలేసి మందు ఎలుకల ఫలితం ఒక్కటే చూపిద్దామని మేడమ్ సలహా.

"పోల్చడానికి ఏమీ లేకుంటే అది ప్రయోగం ఎట్లయితది మేడమ్?"

"మళ్లీ చేస్తే గడువు దాటుతుంది. పొడిగిస్తారని నేను మాటివ్వలేను."

"దాటనీయండి."

ఆ సాయంత్రం బ్యాగు సోఫా మీద విసిరి, చెప్పులతోనే కూలబడింది. ఏదో కోతలు కోసి నవ్విద్దామనుకున్నాను. నోరు తెరవకముందే చెయ్యి అడ్డం పెట్టింది.

"జర ఆగు తాతా. మొత్తం మళ్ల మొదటి నుంచి. కొత్త ఎలుకలు, కొత్త గాయాలు."

"పాతవి ఎలా ఉన్నాయే?"

"అవి మంచిగ ఉరుకుతున్నయ్. నాకే కాళ్లు లేస్తలేవు."