నాన్న మంచివాడిగా వేసిన సినిమా

మొన్న మా అమ్మాయి స్కూలు నాటకానికి మేకప్ వేసే ఆయన పిల్లలకు మీసాలు అంటిస్తుంటే, ఆ జిగురు వాసన గుప్పున తగిలింది. మా కొత్తపేట ఇంట్లో నాన్న మేకప్ పెట్టె తెరిస్తే వచ్చే వాసన అదే. నాన్న సినిమాల్లో రౌడీ. కొన్నిట్లో ముఠా నాయకుడు, చాలావాటిలో నాయకుడి వెనక చేతులు కట్టుకుని నిలబడేవాడు. కుర్రతనంలో ఊరి నాటకాల్లో బడిపంతులు వేషాలు వేసేవారట. మొదటి సినిమాకి ఎవరో బుగ్గ మీద రంగుతో కత్తిగాటు పెట్టారు. ఆ తర్వాత ఎవరు పిలిచినా ఆ గాటుతోనే రమ్మన్నారు.

షూటింగులు లేనప్పుడు ఇంటికి వచ్చేవారు. వేసవైతే తెల్లపంచె ఎగ్గట్టి, చేతులకి నూనె రాసుకుని, వసారాలో టకటకా పనసపొట్టు కొట్టేవారు. ముసురు పట్టిన శ్రావణంలో అయితే కొబ్బరి కోరుతూ అమ్మ పాడే మంగళహారతికి గొంతు కలిపేవారు. అలాంటి మనిషి బస్సెక్కితే పక్క సీటు ఖాళీగా ఉండేది. నాయనమ్మ ఆయన సినిమా ఒక్కటే చూసింది. చివర్లో నాన్నని మేడ మీంచి తోసేస్తే ఏడుస్తూ హాల్లోంచి వచ్చేసింది. ఆ తర్వాత ఏ సినిమా వస్తున్నా, "ఇందులోనైనా బతుకుతావా నాయనా?" అని అడిగేది.

"లేదమ్మా, సగంలోనే పోతాను" అంటూ నాన్న ఆవిడ కంచంలో అన్నం మెత్తగా పిసికి పెట్టేవారు.

వీధిలో మేం సినిమా ఆట ఆడుకునేటప్పుడు నాకు హీరోయిన్ వేషం ఎప్పుడూ దక్కలేదు. "మీ నాన్నగారే కదే ఎత్తుకుపోయేది, నువ్వెలా అవుతావు?" అనేది ఎదురింటి సుజాత. నేనూ కళ్ళెర్రజేసి రౌడీనే అయ్యేదాన్ని.

నేను ఆరో తరగతిలో ఉండగా, దసరా సెలవుల ముందు, నాన్న గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ అమ్మతో అన్నారు: "ఈసారి తండ్రి వేషం ఇచ్చేరే. కత్తీ లేదు, గాటూ లేదు."

"నిజంగానా అండీ?" అంది అమ్మ. ఆయన సినిమాలకి ఎన్నడూ రాని అమ్మ, ఆ సినిమా విడుదలైనప్పుడు బండారులంక నేతచీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని మాతో బయల్దేరింది. అమలాపురంలో మ్యాట్నీ. ఎవరూ గుర్తుపట్టకుండా నాన్న తలకి తువ్వాలు చుట్టుకుని నా పక్కన కూర్చున్నారు.

తెర మీద కూతురికి జ్వరం. తండ్రి గంజి గ్లాసుతో తలుపు తోసుకుని వచ్చాడు. వెంటనే హాల్లో ఈలలు. "ఒరేయ్, అందులో విషం కలిపేడ్రా" అని ఎవరో అరిచారు. హాలంతా గొల్లున నవ్వింది. నాన్న ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి వేశారు, నాకు జ్వరంతో ఒళ్ళు కాలినప్పుడు ఎలా వేసేవారో అచ్చం అలాగే, ముందు మునివేళ్ళు, తర్వాత అరచెయ్యి. ఆ చెయ్యి నాకు తెలుసు. అయినా అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వేశాను. నవ్వుతూ పక్కకి తిరిగితే నాన్న నన్నే చూస్తున్నారు.

తిరుగు బస్సులో అమ్మ ఆ జనాన్ని తిట్టిపోసింది. "వాళ్ళనేం అనకే. ఇన్నేళ్ళూ అలా చూడమని నేర్పింది నేనే కదా" అని నాన్న కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఆయన్ని అంత అలసిపోయినట్టు నేనెప్పుడూ చూడలేదు. సినిమా వారం తిరక్కుండానే ఎత్తేశారు. నాన్న మళ్ళీ గాటు పెట్టించుకున్నారు. ఇంకెప్పుడూ ఏం వేషమని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. నేను నవ్వినందుకు ఒక్కమాటైనా అనలేదు; నేనూ క్షమించమని అడగలేదు.

నాన్న పోయి ఆరేళ్ళయింది. ఆ హాలు పడగొట్టి దుకాణాలు కట్టారు. వీధిలో సినిమా ఆట ఆడే పిల్లలు లేరు. నాన్న పొడిచినవీ, పొడిపించుకున్నవీ అన్నీ ఫోనులో దొరుకుతాయి. ఆ ఒక్క సినిమా ఎక్కడా లేదు. ఎన్నోసార్లు వెతికి విసిగిపోయాను. రీళ్ళు పాడైపోయాయన్నారు.

నాటకమయ్యాక ఇంటికొస్తూ మా అమ్మాయి అడిగింది. "అమ్మా, తాతగారు ఒక్కసారైనా మంచివాడిగా వేసేరా?"

"వేసేరు."

"చూపించవా?"

చూపించడానికి ఏమీ లేదు కనుక చెప్పాను. జ్వరం, గంజి, నుదుటి మీద చెయ్యి.

"జనం ఏడ్చేరా?" అంది.

"హాలంతా ఊపిరి బిగబట్టి చూసిందమ్మా" అన్నాను.