వెనకబడ్డ క్రోమోజోమ్

2022 వానాకాలం. గద్వాలలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతున్నాను, అప్పటికి పద్దెనిమిదేళ్లుగా. ఉండేది వనపర్తిలో. రోజూ బస్సులో రాకపోకలు, చేరేసరికి పొద్దెక్కేది కాబట్టి ముందు పాఠాలు, భోజనాలయ్యాక ప్రాక్టికల్స్ అని పెట్టుకున్నాను. ఈ ఏర్పాటులో లోపమేమిటో నాకు బాగా తెలుసు. తెలిసీ సర్దుకుపోయాను.

మా ప్రాక్టికల్స్‌లో ముఖ్యమైనది ఉల్లివేరు స్లైడ్. ఉల్లిగడ్డను నీళ్ల గ్లాసు మీద కూర్చోబెడితే నాలుగు రోజుల్లో తెల్లటి వేర్లు దిగుతాయి. వాటి కొనల్లో ఒక్కో కణం రెండుగా విడిపోతుంటుంది. కొన కత్తిరించి, కణాలు ఉన్నవి ఉన్నట్టు నిలిచిపోయేలా ఫిక్సేటివ్ అనే ద్రావణంలో వేస్తాం. తర్వాత రంగు పట్టించి, గాజుపలకల మధ్య నొక్కి చూస్తే, క్రోమోజోములు రెండు గుంపులై చెరోవైపు వెళ్లడం కనబడాలి. కానీ ఉల్లివేరులో ఈ పని జోరుగా సాగేది పొద్దున. మేం కత్తిరించేది మధ్యాహ్నం మూడింటికి. ఎంత వెతికినా ఒకటీ అరా తప్ప దొరకవు. పుస్తకం చూసి గీసేయమనేవాణ్ని. ముప్పై రికార్డుల్లోనూ ఒకటే బొమ్మ, చకచకా సంతకాలు.

ఆ ఏడు రెండో సంవత్సరంలో సువార్త అనే అమ్మాయి ఉండేది. వడ్డేపల్లి దగ్గరి ఊరు, కూలి చేసుకునే కుటుంబం. పొద్దున సీడ్ పత్తి చేలో క్రాసింగ్‌కు వెళ్లేది. అంటే ఒక రకం పత్తిపువ్వు పుప్పొడిని ఇంకో రకం పువ్వుకు చేత్తో రుద్దడం. అది ముగించుకుని మధ్యాహ్నానికి కాలేజీకి వచ్చేది. ఎండ ముదిరాక రుద్దితే కాయ పట్టదని ఆమెకు తెలుసు. వేరుకు కూడా అలాంటి వేళ ఉంటుందా అని ఒకరోజు అడిగింది. ఉంటుందని గొణిగాను. ఫిక్సేటివ్ పోసిన చిన్న సీసా అడిగి తీసుకుంది. నేను ఆ సంగతే మరిచిపోయాను. ఆమె ఉల్లిగడ్డను గ్లాసుతో సహా చేనుకు తీసుకెళ్లి, సద్ది తినే వేళ వేర్లు కత్తిరించి సీసాలో వేసుకుందట.

రికార్డులు దిద్దుతుంటే ఆమె బొమ్మ వింతగా కనబడింది. రెండు గుంపులు చెరోవైపు చేరాయి, నడుమ ఒక్క క్రోమోజోమ్ ఒంటరిగా మిగిలిపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టి, ‘తప్పు, మళ్లీ గీయాలి’ అని రాశాను. రికార్డు మీద నా సంతకం లేకుంటే ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు. పరీక్ష పోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే ఆ ఇంట్లో మళ్లీ చదివించే స్తోమత లేదు. ఇదంతా తెలిసే కొట్టేశాను.

సంతకాలకు ఆఖరి రోజున ఆమె అదే పేజీతో వచ్చింది. మళ్లీ ఎందుకు గీయలేదని గద్దించాను.

“నాకు భయమైతుంది సార్. కానీ అద్దంల గట్లనే కనవడ్డది. కనవడనిది ఎట్ల గియ్యాలె?”

చేతిలో స్లైడ్ ఉంది. ఆరిపోకుండా అంచులకు గోళ్లరంగు పూసి, ఆ కణం ఉన్న చోట పెన్నుతో చుక్క పెట్టింది. ఆమె నోరు మూయిద్దామనే మైక్రోస్కోప్ మీదికి వంగాను. చూస్తే గిన్నెలో అన్నం మెతుకుల్లా ఎటు చూసినా విడిపోతున్న కణాలు. చుక్క పక్కన, రెండు గుంపుల నడుమ, ఆ ఒంటరిది. సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ సంతోషమేసింది. చాలాసేపు తల ఎత్తలేదు.

“మిగిలినవాటిని ఎవరు గుంజుతున్నరు సార్? ఇదొక్కటి ఎందుకు ఆగింది?” అంది.

కుర్చీ చూపించి చెప్పాను. కణంలో మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నటి గొట్టాలు రెండు కొసల నుంచి పుట్టుకొచ్చి క్రోమోజోములను పట్టుకుంటాయి. వాటి మీద అడుగులో అడుగేస్తూ మోటార్ ప్రోటీన్లు నడుస్తాయి. క్రోమోజోములను నడిమి వరుసకు చేర్చేది, గొట్టాలను అటూ ఇటూ జరిపేది అవే. విడిపోయే వేళ గొట్టాలు కొసల దగ్గర కరుగుతూ పొట్టివవుతాయి, పట్టుకున్న క్రోమోజోమ్ వాటి వెంట పోతుంది. అన్నిటికీ పట్టు దొరికేదాకా కణం ఆగుతుంది. కానీ ఎప్పుడో ఒకదాన్ని ఒక వైపువే కాక రెండు వైపుల గొట్టాలూ పట్టుకుంటాయి. పట్టు ఉంది కదా అని కణం ఆగదు. అటూ ఇటూ లాగితే అది నడుమనే ఉండిపోతుంది. ఆ ప్రోటీన్లు మాత్రం మన మైక్రోస్కోప్‌కు అందవని కూడా చెప్పాను.

ఆమె మళ్లీ మైక్రోస్కోప్ మీదికి వంగి చూసింది. “అంటే మోసేటోళ్లు ఉన్నరు. మనకు కనవడరంతే.”

పద్దెనిమిదేళ్లలో ఈ పాఠాన్ని అంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేదు. ఎర్రగీతను చెరపలేను కాబట్టి దాని కింద ‘బొమ్మ సరైనదే, నేను చూశాను’ అని రాసి సంతకం పెట్టాను. ఇప్పుడు తొలి బస్సుకే బయల్దేరి, పిల్లలతో పొద్దున్నే వేర్లు కత్తిరింపజేస్తున్నాను. తప్పు అని రాసే ముందు కళ్లు పెట్టి చూడాలన్నది ఆమె దగ్గర నేర్చుకున్నదే.

ఆ పాఠం ఆ ఏడు ప్రాక్టికల్ పరీక్ష రోజే నాకు అక్కరకొచ్చింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ పేజీ దగ్గర ఆగి, ఒకే బొమ్మను తప్పని కొట్టేశారు, సరైనదే అనీ రాశారు, ఇందులో ఏది నమ్మమంటారని నన్ను అడిగారు.

“నన్ను నమ్మకండి సార్,” అన్నాను. “చూసింది ఆ అమ్మాయి. ఆమెనడగండి.”