రాలిన కాయకు వేరే బుట్ట

మామిడి తొడిమ తెంపితే చిమ్మే సొన వాసన ఘాటుగా ముక్కుకెక్కుతుంది. ఈ ఉదయం తోటలో కత్తెర పట్టిన నా మనుమరాలి వేళ్ల నుంచి ఆ వాసన రాగానే జమీలక్క గుర్తుకొచ్చింది. మట్టెవాడ నుంచి వచ్చేది. కాయలు కోసి, ఏరి, పై దేశాలకు పంపే కంపెనీ కోసం పెట్టెల్లో సర్దే ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. బడిలో నేను మూడో తరగతి దాటలేదు. మిగతా చదువు ఆమె దగ్గరే.

వర్ధన్నపేట దగ్గరున్న మా తోటను ఏటా పూత మీదే గుత్తకు ఇచ్చేవాళ్లం. ఎంత కాసినా లాభం గుత్తేదారుదే. ఒక ఏడు నేను మొండికేసి, గుత్తకు ఇచ్చేది లేదన్నాను. కాయ కంపెనీకి నచ్చితే తోట మా చేతిలో నిలుస్తుంది. లోడు వెనక్కి వచ్చిందా, మళ్లీ ఆ గుత్తేదారు గడపే తొక్కాలి. అతను అందుకోసమే చూస్తున్నాడని ఊరంతా అనుకున్నారు.

కోత మొదలైన రోజే మా ఆయన చెట్టెక్కి కొమ్మ దులపబోయాడు. జమీలక్క కింద నిలబడి, "మర్దీ, జర దిగు. ఇది చింతచెట్టు కాదు దులపనీకి" అంది. బెత్తెడు తొడిమతో కోయడం, తర్వాత దాన్ని కురచ చేసి, తొక్కకు సొన అంటకుండా కాయను బోర్లించి కారనివ్వడం చూపించింది. మా ఆయన గొణుగుతూనే నేర్చుకున్నాడు.

మర్నాడు గాలిదుమారం లేచి బోలెడు కాయ రాలింది. గడ్డి మీద పడ్డ కాయలకు గీత కూడా లేదు. మా ఆయన వాటిని తుడిచి, కోసినవాటితో కలిపి పెట్టెలు నింపేశాడు. నాకూ సబబే అనిపించింది. మా ఇంట్లో మామిడి టెంకను కూడా ఊరికే పారేయను. జమీలక్క వచ్చి, తొడిమ ఊడిన కాయ ఒకటి చూసి, పెట్టెలన్నీ కుమ్మరించమంది. అనుమానమున్న ప్రతి కాయా పక్కకు పోయింది. లోడు సగానికి పడిపోతోంటే నాకు కడుపు మండి, ఇంత మంచి కాయను ఎందుకు తీసేస్తున్నావని గొడవకు దిగాను.

"దెబ్బ ఇయ్యాల కనవడది చెల్లె. వారం పోయినంక ఓడల నల్లగైతది. గక్కడ పెట్టె తెరిచేటోడు గాలిదుమారం వచ్చిందా అని అడగడు. నీ తోట కాయ గింతే అనుకుంటడు."

నేను చేతిలోని కాయను పక్క బుట్టలో వేశాను. మా ఆయన మాత్రం అంతా మట్టిపాలేనా అన్నాడు.

"పారెయ్యమన్ననా? కోసి ఎండబెట్టుండ్రి. ఒరుగులకు దెబ్బతోని ఏం పని?"

ఆ మాటతో నా ప్రాణం కుదుటపడింది. సగం లోడే కంపెనీ షెడ్డుకు పంపాం. అక్కడి మనిషి పెట్టెలు విప్పి, కాయలు కోసి చూసి, ఒక్కటీ తీసేయలేదు. మిగతా కోత ఎప్పుడని అడిగాడు. ఇంట్లో చాపల నిండా ఒరుగులు ఎండాయి. మరుసటి ఏడు పూత మీద గుత్తేదారే మా గుమ్మం ఎక్కాడు. మంచినీళ్లిచ్చి పంపించాను.

ఇప్పుడు పెట్టెలకు మూత వేసేది నేనే. గయ్యాళి అంటారు కూలీలు, అననీ. మోకాళ్ల నొప్పులతో జమీలక్క ఇల్లు కదలడం లేదు, కోతలయ్యాక నేనే మట్టెవాడ పోయి వస్తాను. ఎంత పంపినవని ఆమె ఏనాడూ అడగదు. ఎంత పక్కకు పెట్టినవని అడుగుతుంది. నేను తలెత్తి చెబుతాను.