శత్రువుకు సమాధానం

నా చేతిరాత బాగుంటుంది. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, నాకు వచ్చిన తలనొప్పులన్నీ దానివల్లే వచ్చాయి. ఒరిస్సాలోని రాయగడ రైల్వే కాలనీలో మా ఆయన గార్డుగా ఉన్న రోజుల్లో పెళ్ళి పిలుపుల నుంచి బదిలీ అర్జీల దాకా అన్నీ నా దగ్గరికే వచ్చేవి. బంగ్లాదేశ్ యుద్ధం జరిగిన చలికాలంలో ఒక బ్యానరు కూడా వచ్చింది.

తెచ్చింది అక్క. సొంత అక్క కాదు, బజార్లో కిరాణా దుకాణం వాళ్ళావిడ. శ్రీకాకుళం వైపు మనిషి. ఆ ఊళ్ళో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. ఆమెకు చదువు రాదు. సైన్యంలో ఉన్న తమ్ముడి ఉత్తరాలు నేనే చదివి పెట్టేదాన్ని, జవాబులూ నేనే రాసేదాన్ని. ఇప్పుడా తమ్ముడు తూర్పు సరిహద్దులో ఉన్నాడు.

"తెలుగు కొట్లోళ్ళందరం ఊరేగింపు తీస్తన్నాం అమ్మి. శత్రువుని నరికి పోగులెట్టాలని పెద్ద అచ్చరాలతో రాయి," అంది తెల్లగుడ్డ పరుస్తూ.

సరిగ్గా అంతకుముందు ఆదివారమే చర్చిలో పూజ చేస్తూ మా ఫాదరుగారు, అవతలి సిపాయికీ తల్లి ఉంది, వాడి కోసమూ ప్రార్థించండి అన్నారు. చావులకు చప్పట్లు కొట్టిన చేతులతో సత్ప్రసాదం దగ్గరికి రావద్దన్నారు. ఊరంతా రేడియో చుట్టూ చేరి కేరింతలు కొడుతుంటే ఆ మాట అనడానికి చాలా గుండెధైర్యం కావాలి. నేనేమంత భక్తురాలిని కాను, మోకాళ్ళ నొప్పుల వంకతో మోకరించకుండా కూర్చునే రకం. అయినా నరికి పోగులు పెట్టమని రాయడానికి చెయ్యి రాలేదు. రాయనని చెప్పడానికి నోరూ రాలేదు. అప్పుడు తట్టింది నా దొంగ తెలివి.

"శత్రువుకు సమాధానం, అని రాస్తానక్కా. పొట్టిగా ఉంటాది, గట్టిగా ఉంటాది."

"బాగుందమ్మి. సమాధానం సెప్పాల్సిందే."

అందరికీ సమాధానమంటే జవాబు. మా గుడిలో సమాధానమంటే శాంతి. పూజలో ఫాదరుగారు "మీకు సమాధానం కలుగునుగాక" అంటారు, మేము "మీకును కలుగునుగాక" అంటాం. ఊరు ఒకటి చదువుకుంటుంది, నేనొకటి రాసుకుంటాను. నీలి రంగుతో మూరెడు అక్షరాలు దిద్దుతూ లోలోపల తెగ నవ్వుకున్నాను. మా ఆయన మాత్రం, "తెలిస్తే బజార్లో ఉప్పు కూడా పుట్టదు మనకి," అన్నాడు. ఎవరికి తెలుస్తుందిలే అన్నాను.

తెలిసింది. ఊరేగింపు స్టేషను ముందుకు వచ్చేసరికి అక్కడ మా ముసలి ఉపదేశి బస్సు కోసం నిలబడి ఉన్నాడు. గుడారి వైపు పల్లెల్లో తిరిగి మా మతం బోధించే పెద్దమనిషి. బ్యానరు చదివాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. ఊళ్ళో షావుకార్లందరూ కలిసి శత్రువుకు శాంతి కోరుతున్నారనుకుని ఆయన ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ పైకెత్తి, "మీకును కలుగునుగాక" అని రాగం తీశాడు. నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కనే నడుస్తున్న అక్క నావైపు చూసింది.

"ఆ ముసలాయన ఏటంతన్నాడు? నువ్వెందుకు నవ్వుతన్నావు?"

చెప్పేశాను. ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది.

అక్క అరవలేదు. "నా తమ్ముడి మీద తుపాకీ ఎత్తినోడు సల్లగుండాలని రాసేవన్నమాట. రాస్తే రాసేవు. సదువు రానిదాన్నని నాకు ఇంకోటి సెప్పేవు సూడు," అని ముందుకు వెళ్ళిపోయింది.

శాంతి కోరినందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడను. కానీ ఆ రెండో మాటకు నా దగ్గర ఏ అర్థంలోనూ సమాధానం లేదు. గుడిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఇది చెప్పుకుంటే ఫాదరుగారు నవ్వు ఆపుకుని, "బ్యానరు సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆవిడ సంగతి నువ్వు చూసుకో," అన్నారు. క్షమాపణ అడుగుదామని నాలుగుసార్లు దుకాణానికి వెళ్ళాను. ఆమె లోపలికి వెళ్ళిపోయేది, నేను కందిపప్పు కొనుక్కుని వచ్చేసేదాన్ని. ఇంట్లో డబ్బాలన్నీ కందిపప్పుతో నిండిపోయాయి.

యుద్ధం ఆగింది. ఊరంతా మిఠాయిలు పంచుకున్నారు. కొన్నాళ్ళకు అక్క ఒక కవరు పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"మా ఆయన సదివేడు. సరుకుల సీటీ సదివినట్టు సదివేసేడు. నువ్వు సదువు."

"తప్పు చేసేనక్కా."

"అది తరవాత. ముందు సదువు."

తమ్ముడు క్షేమం. లొంగిపోయిన శత్రు సిపాయిలకు కాపలా కాస్తున్నాడట. వాళ్ళలో ఒకడు జ్వరంతో వణుకుతుంటే తన దుప్పటి ఇచ్చాడట. పైవాళ్ళకు తెలిస్తే తిడతారు, ఎవరికీ చెప్పకక్కా, అని రాశాడు.

అక్క కవరు మీది స్టాంపును గోటితో గీరుతూ కూర్చుంది.

"జవాబు రాయి. జొరం తగ్గిందా అని అడుగు."

"ఎవరి జొరం అక్కా?"

"ఆడిదే. ఆ దుప్పటోడిది."

రాశాను. కవరు అంటించే ముందు మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఒక్కొక్కదానికీ అర్థం చెబుతూ ఆమెకు చదివి వినిపించాను. జ్వరం దగ్గర ఆపింది.

"ఇక్కడ ఏటి రాసేవు? మల్లీ సదువు," అంది.

మళ్ళీ చదివాను.